ఇయర్‌మార్క్ కోసం లాబీయిస్టును పెట్టుకోవాలా? బోర్డులో చెయ్యెత్తే ముందు వేయాల్సిన లెక్క

అమెరికాలో సిటీ కౌన్సిళ్లలో, స్కూల్ బోర్డుల్లో ఇప్పుడు తెలుగువాళ్లు బాగానే కనిపిస్తున్నారు. లైబ్రరీ బోర్డు, వాటర్ డిస్ట్రిక్ట్, ఊళ్లోని ఫుడ్ బ్యాంకు లాంటి చోట్ల వలంటీర్లుగా పనిచేసేవాళ్లూ ఉన్నారు. అలాంటి కుర్చీలో కూర్చుంటే ఏదో ఒక రోజు ఒక పవర్‌పాయింట్ ఎదురవుతుంది. వాషింగ్టన్ నుంచి వచ్చిన కన్సల్టెంటు, అంటే మీ తరఫున కాంగ్రెస్ సభ్యులతో మాట్లాడిపెట్టే లాబీయిస్టు, స్లైడ్ మీద రెండు అంకెలు చూపిస్తాడు. మీరు మాకిచ్చేది ఏడాదికి 60 వేల డాలర్లు, మేం ఫెడరల్ బడ్జెట్ నుంచి తెచ్చిపెట్టేది 8 లక్షలు. "పదమూడు రెట్లు రాబడి" అంటాడు. గదిలో అందరూ తలలూపుతారు.

భాగహారం సరిగ్గానే ఉంది. అయితే ఆయన లేకపోయినా ఎంత వచ్చేదన్న అంకె ఆ స్లైడ్ మీద లేదు. వచ్చిన డబ్బులో ఖర్చులకే ఎంత పోతుందన్నది లేదు. ఏమీ రాని ఏడాది సంగతి అసలే లేదు. ఈ మూడూ మనమే కనుక్కోవాలి. ఎలా కనుక్కోవాలో వరసగా చెబుతాను.

ముందుగా, అసలు ఇదేమిటి

ఫెడరల్ బడ్జెట్ చట్టంలో "ఫలానా ఊరి ఫలానా పనికి ఇంత" అని పేరు పెట్టి రాసే కేటాయింపే ఇయర్‌మార్క్. ఎవరి పశువో తెలియడానికి చెవికి గుర్తు పెట్టే అలవాటు నుంచి వచ్చిన మాట. మన ఎంపీ ల్యాడ్స్‌తో పోల్చాలనిపిస్తుంది గానీ రెండింటికీ పెద్ద తేడా ఉంది. మన ఎంపీకి ఏటా 5 కోట్లని ముందే లెక్క ఉంటుంది, పని సిఫారసు చేస్తే మిగతాది జిల్లా యంత్రాంగం చూసుకుంటుంది. అమెరికా కాంగ్రెస్ సభ్యుడికి అలాంటి కోటా డబ్బు లేదు. అడగడం వరకే ఆయన చేతిలో ఉంది. ఇచ్చేది అప్రోప్రియేషన్స్ కమిటీ, అంటే బడ్జెట్ డబ్బు కేటాయించే కమిటీ. హౌస్‌కూ సెనెట్‌కూ విడివిడిగా ఒక్కోటి ఉంటుంది.

వీటికి చెడ్డపేరు ఊరికే రాలేదు. అలాస్కాలో కెచికాన్ నుంచి సుమారు 50 మంది ఉండే గ్రవీనా ద్వీపానికి వంతెన కట్టడానికి 2005 రహదారుల చట్టంలో 20 కోట్ల డాలర్లకు పైగా రాశారు. "ఎక్కడికీ పోని వంతెన" అని దేశమంతా నవ్వింది, చివరికి కట్టనే లేదు. అదే ఏడాది కాలిఫోర్నియా సభ్యుడు డ్యూక్ కన్నింగ్‌హామ్ రక్షణ కాంట్రాక్టర్ల దగ్గర 24 లక్షల డాలర్ల లంచాలు తిన్నానని ఒప్పుకుని రాజీనామా చేశాడు. 2011లో ఇయర్‌మార్కులు ఆపేశారు.

2021లో మళ్లీ తెచ్చారు, పేర్లు మార్చి. హౌస్‌లో (ప్రతినిధుల సభ) "కమ్యూనిటీ ప్రాజెక్ట్ ఫండింగ్", సెనెట్‌లో "కాంగ్రెషనల్లీ డైరెక్టెడ్ స్పెండింగ్". ఈసారి పగ్గాలు వేశారు. లాభాపేక్ష ఉన్న కంపెనీలకు ఇవ్వరు. ప్రతి సభ్యుడూ తాను అడిగినవి తన వెబ్‌సైట్‌లో పెట్టాలి, తనకూ తన కుటుంబానికీ అందులో ఆర్థిక లాభం లేదని సంతకం చేయాలి. 2022 ఆర్థిక సంవత్సరంలో 4,963 పనులకు 910 కోట్ల డాలర్లు, ఆ మరుసటి ఏడాది 7,200 పైచిలుకు పనులకు 1,530 కోట్లు వెళ్లాయి.

మొదటి మెట్టు: మీ పనికి ఖాతా ఉందా?

ఇయర్‌మార్కులు ఏ పద్దు కింద పడితే ఆ పద్దు కింద రావు. తాగునీరు, మురుగునీటి పైపులకు పర్యావరణ సంస్థ ఈపీఏ దగ్గరి ఖాతా ఉంది. ఊరి భవనాలకు, పార్కులకు గృహనిర్మాణ శాఖ హడ్ ఖాతా. విపత్తు కేంద్రాలకు విపత్తు నిర్వహణ సంస్థ ఫీమా ఖాతా. మీ పని వీటిలో దేనికీ అతకకపోతే ఎంత పెద్ద లాబీయిస్టూ అతికించలేడు. ఏ ఖాతాలు తెరిచి ఉన్నాయో ఏటా కమిటీ ప్రకటిస్తుంది, పార్టీల బలాబలాలను బట్టి అవి మారుతుంటాయి.

మనవాళ్లు తరచుగా అడిగేది కల్చరల్ సెంటర్ గురించి. 2023 జులైలో ఎల్జీబీటీ సంస్థల ప్రాజెక్టులు మూడింటిని హౌస్ కమిటీ జాబితాలోంచి తీసేసింది, దాని మీద పెద్ద గొడవ జరిగింది. ఆ తర్వాత 2025 సంవత్సరం అర్జీల నాటికి హడ్ ఖాతాలో నాన్‌ప్రాఫిట్ సంస్థలు నేరుగా అడిగే దారినే హౌస్ మూసేసింది. అలాంటప్పుడు ఊరి మున్సిపాలిటీ అర్జీదారుగా ఉంటేనే పని కదులుతుంది. పూజా మందిరానికైతే ఈ డబ్బు మీద ఆశ పెట్టుకోవద్దు.

రెండో మెట్టు: మీ సీటు ఎక్కడుందో చూడండి

అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఒక్క డాలరు ఖర్చు లేకుండా, గంటలో తేలిపోతుంది. ముందు మీ హౌస్ సభ్యుడు అసలు ఇయర్‌మార్కులు అడుగుతాడో లేదో చూడండి. కొందరు సిద్ధాంతమని అడగరు. అడగనివాడి నియోజకవర్గంలో ఉంటే మిగిలింది మీ ఇద్దరు సెనెటర్లే, వాళ్లూ అడగని రకమైతే ఈ కథ ఇక్కడితో సరి.

అడిగేవాళ్లయితే, వాళ్లలో ఎవరైనా అప్రోప్రియేషన్స్ కమిటీలో ఉన్నారా? జాన్ డి ఫిగెరెడో, బ్రయాన్ సిల్వర్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు విశ్వవిద్యాలయాలకు వచ్చిన ఇయర్‌మార్కులను తీసుకుని, లాబీయింగ్ మీద పెట్టిన డాలరుకు ఎంత వచ్చిందో 2002లో లెక్కగట్టారు. కమిటీలో తమ ప్రాంతపు సభ్యుడెవరూ లేని విశ్వవిద్యాలయాలకు రాబడి దాదాపు సున్నా. సెనెట్ కమిటీలో ఉంటే డాలరుకు 11 నుంచి 17 డాలర్లు. హౌస్ కమిటీలో ఉంటే 20 నుంచి 36. అవి పాత పద్ధతి నాటి అంకెలు, ఇప్పటికి అలాగే తెచ్చి అతికించకూడదు. కానీ సున్నాకీ 36కీ మధ్య ఉన్న తేడా లాబీయిస్టు ప్రతిభ వల్ల వచ్చింది కాదు, సీటు వల్ల వచ్చింది. ఇంకో తమాషా ఏమిటంటే, కమిటీలో తమవాడున్న విశ్వవిద్యాలయాల్లో ఎక్కువ భాగం లాబీయింగ్ చేయనే లేదు.

ఈ వ్యాపారం మొదలైన తీరు కూడా అదే చెబుతుంది. 1970ల చివర్లో మసాచుసెట్స్‌లోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం జెరాల్డ్ కాసిడీ, కెన్నెత్ ష్లాస్‌బర్గ్ అనే ఇద్దరు మాజీ సెనెట్ ఉద్యోగులను పెట్టుకుని పోషకాహార పరిశోధన కేంద్రానికి ఫెడరల్ డబ్బు తెప్పించుకుంది. కాసిడీ ఆ తర్వాత వాషింగ్టన్‌లో పెద్ద లాబీయిస్టుల్లో ఒకడయ్యాడు. అయితే అప్పుడు హౌస్ స్పీకర్ టిప్ ఓనీల్, ఆయనదీ మసాచుసెట్సే.

మీవాళ్లు ముగ్గురూ కమిటీలో లేకపోతే ఆశ వదులుకోనక్కర్లేదు. మామూలు సభ్యులకూ వాటా వస్తుంది. లాబీయిస్టుకు డబ్బు పెట్టడం గురించి మాత్రం రెండోసారి ఆలోచించండి.

మూడో మెట్టు: క్యాలెండర్

అర్జీల గడువు ఒక్కో ఆఫీసుకు ఒక్కో రకం, ఎక్కువగా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు. కమిటీ జాబితాలు వేసవిలో బయటికొస్తాయి. ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, కానీ చట్టం ఆ తేదీకి పూర్తవడం అరుదు. 2022 బడ్జెట్ 2022 మార్చిలో, 2024ది 2024 మార్చిలో పూర్తయింది. అంటే నవంబరులోనే సభ్యుడి ఆఫీసుకు వెళ్లి మాట్లాడి ఉండాలి. మార్చిలో ఫారం కనిపించాక పరుగెత్తేవాళ్లే లాబీయిస్టుకు మంచి బేరం.

నాలుగో మెట్టు: ఫైలు మీరే తయారు చేయండి

హౌస్‌లో ఇటీవలి ఏళ్లలో సభ్యుడికి 15 అర్జీల పరిమితి ఉంది, సెనెట్‌లో సంఖ్యకు పరిమితి లేదు. ఆ పదిహేనులో ఒకటి కావాలంటే స్టాఫర్‌కు మీ పని వల్ల తలనొప్పి రాకూడదు. అక్కడ ఫైళ్లు చూసే అబ్బాయికో అమ్మాయికో ఇరవై ఏడేళ్లుంటాయి, ముందు వంద అర్జీలుంటాయి. ఒక్క పేజీలో పని ఏమిటి, ఎంత ఖర్చు, ఎంతమందికి ఉపయోగం, మిగతా డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది అన్నది ఉండాలి. దానికి ఇంజినీరు సంతకం చేసిన అంచనా జత చేయండి. కౌన్సిల్ తీర్మానం, స్థానిక పత్రికలో వచ్చిన వార్త, పక్క సంస్థల మద్దతు ఉత్తరాలు పెట్టండి. ఊరి మద్దతు ఉందని రుజువు చూపమని హౌస్ నియమాలే అడుగుతాయి. ఫెడరల్ గ్రాంట్లకు కావాల్సిన శామ్ డాట్ గవ్ రిజిస్ట్రేషన్, యూఈఐ అనే సంస్థ గుర్తింపు నంబరు ముందే తీసుకోండి, ఆఖరి వారంలో మొదలుపెడితే వారాలు పట్టి టెన్షన్ మిగులుతుంది. అదే అర్జీని హౌస్ సభ్యుడికీ ఇద్దరు సెనెటర్లకూ, అదే ఖాతా కింద, అదే అంకెతో పెట్టండి. అంకెలు తేడాగా ఉంటే అనుమానాలొస్తాయి.

ఇదంతా లాబీయింగ్ సంస్థ చేసే పనిలో సగానికి పైనే. బోర్డులో ఒక రిటైర్డ్ ఇంజినీరు, ఓపికగా రాసేవాళ్లు ఒకరు ఉంటే సరిపోతుంది.

కాంగ్రెస్ ఆఫీసుకు వెళ్లి మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు, హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లూ వెళ్లొచ్చు. ఎన్నికల విరాళాలు మాత్రం వేరే సంగతి. పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు తప్ప ఇతరులు ఇవ్వకూడదు, నాన్‌ప్రాఫిట్ సంస్థ అసలే ఇవ్వకూడదు. ఒకరి డబ్బు ఇంకొకరి పేరుతో ఇవ్వడం నేరం. పీఎంఏ గ్రూప్ అనే పెద్ద ఇయర్‌మార్క్ లాబీయింగ్ సంస్థ అధిపతి పాల్ మాగ్లియోకెట్టి సరిగ్గా ఆ పనే చేసి 2011లో 27 నెలల శిక్ష వేయించుకున్నాడు.

అయిదో మెట్టు: అసలు లెక్క

ఇప్పుడు ఆ స్లైడ్ దగ్గరికొద్దాం. ఊళ్లో పాత నీటి పైపు మార్చాలి, ఖర్చు 10 లక్షల డాలర్లు అనుకుందాం. ఈపీఏ ఖాతాలో మామూలుగా 20 శాతం మీరు పెట్టుకోవాలి, కాబట్టి వచ్చేది 8 లక్షలు. ఫెడరల్ డబ్బు ముట్టుకున్నారు గనక అమెరికాలో తయారైన ఇనుమే వాడాలన్న షరతు, పర్యావరణ పరిశీలన, ఆడిట్ తోడవుతాయి. వీటన్నిటికీ లక్ష వేసుకుందాం. నికర లాభం 7 లక్షలు.

లాబీయిస్టు లేకుండా మీకు వచ్చే అవకాశం నూటికి 40 అనుకోండి. ఉంటే 50. (ఈ అంకెలు ఊహే. మీ సభ్యుడు గత మూడేళ్లలో అడిగిన వాటిలో ఎన్ని వచ్చాయో ఆయన వెబ్‌సైట్ చూసి మీ అంకె మీరు వేసుకోండి.) 7 లక్షల్లో 40 శాతం 2,80,000. 50 శాతం 3,50,000. లాబీయిస్టు వల్ల అదనంగా వచ్చింది 70 వేలు. ఆయన ఫీజు 60 వేలు. అంటే డాలరుకు ఒక డాలరు 17 సెంట్లు. పదమూడు రెట్లన్న మాట ఇక్కడికొచ్చి ఆగింది. రిటైనర్లు (నెలనెలా ఫీజు కట్టే ఒప్పందాలు) సాధారణంగా ఏడాదితో ముగియవు, రెండో ఏడాది కూడా కట్టారంటే లక్షా ఇరవై వేలు పోసి 70 వేలు తెచ్చుకున్నట్టు. చారాణా కోడికి బారాణా మసాలా.

అవకాశం 10 నుంచి 50కి పెరుగుతుందంటే అదనం 2,80,000 అవుతుంది, అప్పుడు ఫీజు దండగ కాదు. అందుకే కన్సల్టెంటును అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న: "మీరు లేకుండా మా అవకాశమెంత?" దీనికి తిన్నగా జవాబు చెప్పినవాణ్ని నేనింకా చూడలేదు.

గుండు సున్నా ఏడాది కూడా లెక్కలో ఉండాలి. 2024 వసంతంలో దేశమంతటా ఊళ్లు అర్జీలు పెట్టుకున్నాయి, చాలావాటికి కమిటీ జాబితాల్లో చోటు కూడా దొరికింది. 2025 మార్చిలో కాంగ్రెస్ కొత్త బడ్జెట్ బదులు పాత లెక్కనే ఏడాది చివరిదాకా సాగదీసే చట్టం చేసింది. అందులో ఇయర్‌మార్కులు లేవు. ఫైలు ఎంత బాగున్నా, లాబీయిస్టు ఎంత గొప్పవాడైనా ఆ ఏడాది ఒకటే ఫలితం. రిటైనర్లు మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

స్లైడ్ మీద "డాలరుకు 220 డాలర్లు" అని ఎక్కడైనా కనిపిస్తే అది ఇయర్‌మార్కుల సంగతి కాదని తెలుసుకోండి. 2004లో విదేశీ లాభాలను తక్కువ పన్నుతో వెనక్కి తెచ్చుకునేలా చట్టం మార్పించుకున్న 93 పెద్ద కంపెనీల మీద తీసిన లెక్క అది. మీ ఊరి పైపుకీ దానికీ చుట్టరికం లేదు.

ఆరో మెట్టు: కన్సల్టెంటు చరిత్ర తవ్వండి

లాబీయింగ్ సంస్థలు ప్రతి మూడు నెలలకూ ఏ క్లయింటు నుంచి ఎంత తీసుకున్నాయో కాంగ్రెస్‌కు రిపోర్టు ఇవ్వాలి. దాన్ని ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. ఆ రిపోర్టును ఎల్డీ-2 అంటారు. సంస్థ పేరు కొట్టి, మీలాంటి ఊళ్లు ఎన్ని ఉన్నాయో, ఎన్నేళ్లుగా కడుతున్నాయో రాసుకోండి. అంకెలు పది వేలకు సవరించి ఉంటాయి, పైగా ఆ ఫీజు అన్ని పనులకూ కలిపి ఉంటుంది. ఆ ఊళ్లకు ఇయర్‌మార్కులు వచ్చాయో లేదో కమిటీ జాబితాల్లో చూడండి. తర్వాత యూఎస్‌ఏ స్పెండింగ్ డాట్ గవ్‌లో ఆ డబ్బు నిజంగా విడుదలైందో లేదో చూడండి. మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒక ఎక్సెల్ షీట్ వేస్తే ఒక సాయంత్రం పని. ఆ ఊళ్లలో ఒకటి రెండింటికి ఫోన్ చేయండి, క్లర్కులు భేషుగ్గా మాట్లాడతారు.

ఆ సంస్థలో మీతో పనిచేసే మనిషి గతంలో ఎవరి ఆఫీసులో ఉన్నాడో అడగండి. తాము పనిచేసిన సెనెటర్ పదవి నుంచి తప్పుకుంటే ఆ లాబీయిస్టుల ఆదాయం 24 శాతం పడిపోతుందని 2012లో ఒక అధ్యయనం తేల్చింది. మీరు కొనేది చాలావరకు పరిచయం. ఆ పరిచయం మీ సభ్యుడితో కాకుండా పక్క రాష్ట్రపు సెనెటర్‌తో ఉంటే మీకు పనికిరాదు.

ఏడో మెట్టు: ఒప్పందం

నెలవారీ రిటైనర్ కంటే, అర్జీ వేసేదాకా ఇంత అని ఒకే మొత్తం మాట్లాడుకోండి. "వస్తే పర్సంటేజ్" అనే బేరం జోలికి పోవద్దు, చాలా రాష్ట్రాల్లో అది నిషిద్ధం. వచ్చిన ఫెడరల్ డబ్బులోంచి లాబీయిస్టుకు ఒక్క సెంటు కూడా ఇవ్వకూడదు, 1989 నుంచీ చట్టం అదే. ఫీజు ఊరి సొంత పద్దులోంచే పోవాలి. మీది నాన్‌ప్రాఫిట్ అయితే పన్ను చట్టంలోని 501(హెచ్) ఎంపికకు ఫారం 5768 పెట్టుకోండి. అప్పుడు మొదటి 5 లక్షల డాలర్ల ఖర్చులో 20 శాతం దాకా లాబీయింగ్‌కు వాడొచ్చని స్పష్టమైన గీత ఉంటుంది, లేకపోతే "ఎక్కువ చేయకూడదు" అనే మసక నియమం కింద బతకాలి.

కాస్త పక్కకు: ఊరికి మేలేనా?

ఇప్పటిదాకా వేసింది మీ సంస్థ లెక్క. ఊరి లెక్క వేరుగా ఉండొచ్చు. హార్వర్డ్ పరిశోధకులు కోహెన్, కోవల్, మలోయ్ 2011లో ఒక వింత సంగతి చూపించారు. ఒక సెనెటర్ పెద్ద కమిటీ ఛైర్మన్ అయితే ఆ రాష్ట్రానికి ఇయర్‌మార్కుల వాటా 40–50 శాతం పెరుగుతుంది. అదే సమయంలో అక్కడి ప్రైవేటు కంపెనీలు పెట్టుబడులు సుమారు 15 శాతం తగ్గించుకుంటాయి. విశ్వవిద్యాలయాల ఇయర్‌మార్కుల మీద అబిగేల్ పేన్ చేసిన పనిలో పరిశోధన పత్రాల సంఖ్య పెరిగింది, వాటిని ఇతరులు ఉటంకించడం తగ్గింది. ప్రభుత్వ డబ్బు ప్రతిసారీ కొత్త పనిని తేదు, జరుగుతున్న పనిని పక్కకు నెడుతుంది కూడా.

సీసం కలిసే పాత పైపు మార్చడం అలాంటిది కాదని నా అభిప్రాయం. ఎవరూ ఎలాగూ కట్టని, ఊరికి తప్పనిసరైన పని అయితే ఇయర్‌మార్క్ మేలే చేస్తుంది. ఊరికి అవసరం లేని ఆడిటోరియానికి "వస్తే వచ్చింది" అని అర్జీ పెట్టారంటే, కట్టాక దాని కరెంటు బిల్లు మీ బడ్జెట్‌లోనే కూర్చుంటుంది.

ఎనిమిదో మెట్టు: వచ్చాక

చట్టంలో మీ ఊరి పేరు పడింది. లాబీయిస్టు కేకు తెస్తాడు, సభ్యుడు పెద్ద అట్ట చెక్కు పట్టుకుని ఫొటో దిగుతాడు. ఆ అట్ట చెక్కుతో ఏదీ కొనలేరు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ఇక్కణ్నుంచి ఏజెన్సీతో ఒప్పందం కుదరాలి, దానికి నెలలు పడుతుంది. చాలా గ్రాంట్లలో మీరు ముందు ఖర్చు పెట్టి తర్వాత రాబట్టుకోవాలి. చేతిలో నగదు లేని చిన్న సంస్థలు ఇక్కడే ఇరుక్కుంటాయి. ఒక్క ఆర్థిక సంవత్సరంలో మీ ఫెడరల్ ఖర్చు 10 లక్షల డాలర్లు చేరితే సింగిల్ ఆడిట్ (ఫెడరల్ డబ్బు ఖర్చు మీద చేయించాల్సిన ప్రత్యేక ఆడిట్) తప్పదు (2024 అక్టోబరుకు ముందు మొదలైన సంవత్సరాలకు ఆ గీత 7,50,000). అంతా లెక్కలో ముందే వేసుకున్నవాళ్లకు ఇవేవీ కొత్త కాదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఉత్సాహంతో. పేరు పడింది కదా అని కాంట్రాక్టరుతో ఒప్పందం చేసేసుకుంటారు, స్థలం కొనేస్తారు. పర్యావరణ పరిశీలన పూర్తికాకముందే ఇలా అడుగు వేస్తే హడ్ ఆ ఖర్చును ఒప్పుకోదు, ఒక్కోసారి మొత్తం గ్రాంటే ప్రమాదంలో పడుతుంది. కాబట్టి చట్టం వచ్చిన రోజే ఏజెన్సీ గ్రాంట్ ఆఫీసర్‌కు ఫోన్ చేసి, ఏయే పనులు ఇప్పుడే మొదలుపెట్టొచ్చో రాతపూర్వకంగా అడగండి. జవాబు వచ్చేదాకా ఊళ్లో ఎక్కడా గొయ్యి తవ్వనివ్వకండి.